నిజంగానా, ఊరికేనా?

మొన్న తిరుపతి బస్టాండులో ఒక బస్సెక్కి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. బస్సు నిండిపోయింది గాని కదలడం లేదు. నా వెనక సీటాయన కిటికీలోంచి తల బయట పెట్టి కండక్టరును కేకేశాడు.

"ఏమప్పా, ఈ బస్సు ఈ జన్మలో కదుల్తాదా, ఇంకో జన్మ ఎత్తి రమ్మంటావా?"

కండక్టరు పడుచువాడు. ఫోనులోంచి కళ్ళెత్తకుండానే, "ఇంకో జన్మకు టికెట్టు వేరే కొనాలన్నా" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా చెవి ఇంకో జవాబు కోసం కాచుకొని ఉందని కాసేపటికిగాని తెలియలేదు. "కదుల్తాదప్పా. డ్రైవరన్న టీ తాగను పోయినాడు. వచ్చేస్తాడు, రవ్వంత ఓర్చుకో." ఇదీ నాకు కావలసిన జవాబు. అది చెప్పే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. 

ఆయన మా చిన్నాయన, మా నాయనకు తమ్ముడు. తిరుపతి నుంచి సత్యవేడుకు పోయి వచ్చే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరు. పెళ్ళి కాలేదు, తిరుపతిలో మాతోనే ఉండేవాడు. ఆయనకు వెటకారం తెలియదు. చెయ్యడం ఎలాగూ తెలియదు, ఎదుటివాళ్ళు చేస్తే అది వెటకారమని కూడా తెలియదు. కొందరికి రాగం తెలియనట్టు ఆయనకు ఆ గొంతు తెలియదు. మాట ఎలా వస్తే అలా పుచ్చుకొనేవాడు.

బస్సులో కండక్టరుతో తిన్నగా మాట్లాడేవాళ్ళు ఎవరుంటారు? కాలు పెట్టడానికి సందు లేకపోతే ఎవరో ఒకరు, "ఇంకో నూరు మందిని ఎక్కించప్పా, బోలెడు జాగా ఉండాది" అంటారు. చిన్నాయన ముందుకూ వెనక్కూ చూసి, "నూరు మంది పట్టరప్పా. నలుగురు పడతారు, అదీ కొంచెం సర్దుకొంటే" అనేవాడు. చిల్లర లేదంటే, "అట్నే పెట్టుకో సామీ, బంగళా కట్టుకో" అని ఒకావిడ అంటే, "వద్దు తల్లీ, నీ దుడ్లు నాకెందుకు, నాగలాపురంలో మార్చి ఇస్తా" అనేవాడు. ఇచ్చేవాడు కూడా. మొదట్లో ఆయనను ఆడించడానికే కొందరు అనేవాళ్ళు. తర్వాత తర్వాత ఆ బస్సులో జనం కొంచెం తిన్నగానే మాట్లాడడం నేర్చుకొన్నారు. ఎన్నిసార్లు బంతి విసిరినా తిరిగి రాకపోతే ఎవరు మాత్రం ఎంతసేపు ఆడతారు?

పెళ్ళి కాకపోవడానికీ ఇదే కారణం. పుత్తూరు దగ్గర పల్లెలో ఒక పిల్లను చూడబోయారట. పిల్ల తండ్రి మర్యాద తెలిసిన రైతు. తన పిల్లను తనే పొగుడుకోకూడదు గదా, "మా పాపకు ఏం తెల్సులే అప్పా. వంట రాదు, వార్పు రాదు. మీరే ఎట్లో సర్దుకోవాల" అన్నాడు. ఆ మాటకు మనవాళ్ళు, అయ్యో అదేం మాట, బంగారంలాంటి పిల్ల అనాలి. వాళ్ళు నోరు తెరిచేలోపే చిన్నాయన, "అట్లయితే తొందరేం లేదు మామా, నిదానంగా నేర్చుకోనీండి. వచ్చే ఏడు వస్తాం" అన్నాడు. ఆ పిల్ల మీద నిజమైన జాలితో అన్నాడు. ఇచ్చిన కాఫీలు తాగకుండానే లేచి రావలసి వచ్చిందట. ఏడు తిరిగాక ఆయనే గుర్తు చేశాడు, పోదామా అని. ఆ పిల్లకు పెళ్ళయిపోయిందని చెబితే, "వంట నేర్చుకొనిందంటనా?" అని అడిగాడట. అమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. చిన్నాయన కూడా పక్కన కూర్చొని శ్రద్ధగా వినేవాడు. చివర్లో, "మంచి పిల్లే" అనేవాడు. ఆ రెండు మాటలూ అనేటప్పుడు మాత్రం నేను ఆయన ముఖంలోకి చూసేదాన్ని కాదు.

తన మాటకు అందరూ నవ్వితే ఏదో తప్పిపోయిందని ఆయనకు తెలిసేది. అప్పుడు కుడిచేత్తో చెవి తమ్మె పట్టుకొనేవాడు. తల కొంచెం పక్కకు వంచి, "నిజంగా అంటాండావా, ఊరికే అంటాండావా?" అని అడిగేవాడు. కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు. తెలుసుకోవాలని అడగడమే. "ఊరికేలే అప్పా" అంటే, "ఊరికేనా, సరే" అని చెవి వదిలేసేవాడు. వెటకారానికి ఇంతకంటే పెద్ద విరుగుడు నేను చూడలేదు. ఎంత పదునైన మాటయినా, అడిగి మరీ దాని అర్థం చెప్పించుకొంటే ఇంకేం మిగులుతుంది?

ఒకసారి నాతో అన్నాడు. "అనుకొనింది అనుకొన్నట్టు అంటే ఏం పోతాది పాపా? నేను రోడ్డు మీదనే పోతా. మీరంతా సందుల్లో దూరిపోతారు. యాడ తేలతారో నాకు తెల్దు. నిలబడి సూస్తా ఉంటా." ఆ రోజు ఆయన గొంతులో అలసట వినిపించింది. మాకు నవ్వులాటగా ఉన్నది ఆయనకు రోజూ చేసే చాకిరీ అని అప్పుడు తెలిసింది.

అటువంటి మనిషి వచ్చి పడిందేమో మా ఇంట్లో. మా అమ్మ పుట్టిల్లు కార్వేటినగరం. అక్కడ అందరి నోళ్ళూ అలాంటివని అనను గాని, మా అవ్వ నోరు అలాంటిది. చుట్టాలు పొద్దుపోయి వస్తే, "అయ్యో, అప్పుడే వచ్చేసినారే, కోడి కూసినాక రాకూడదా?" అనేది. ఆ నోరు ఇద్దరు కూతుళ్ళకూ సరిసమానంగా వచ్చింది. పెద్దామె మా పెద్దమ్మ, గూడూరులో ఇచ్చారు. పెదనాయనకు నిమ్మకాయల వ్యాపారం. చిన్నామె మా అమ్మ. ఇద్దరూ కలిస్తే పుల్లవిరుపు మాటలే. ఒకరినొకరు తిన్నగా పొగిడి ఎరగరు, పొగిడితే అది ముదురు వెటకారమని అర్థం. అయినా ఒకరు లేకుండా ఒకరికి పొద్దు గడిచేది కాదు. వారానికో కార్డు రాసుకొనేవాళ్ళు. ఆ కార్డుల నిండా ఎత్తిపొడుపులే.

నేను పెద్దమనిషినైనప్పుడు మా ఇంట్లో చిన్న వేడుక చేశారు. బంతిలో కూర్చున్న పెద్దమ్మ పాయసం నోట్లో వేసుకొని, "మా చెల్లెలి చెయ్యి బలే పెద్దది. చక్కెర యాడుండాదో వెతుక్కోని తింటాండా" అంది. నలుగురూ నవ్వారు. అమ్మ ఊరుకొంటుందా? "నిమ్మకాయలోళ్ళ నోటికి తీపి ఎట్ట తెలుస్తాదిలే" అంది. ఆ మాట అక్కకు తగలాల్సింది, పక్కనే కూర్చున్న పెదనాయనకు తగిలింది. ఆయన ఆకు మడిచి లేచాడు. మొగుడు లేచాక పెద్దమ్మ ఎలా కూర్చుంటుంది? ఆ లేవడం లేవడం, రాకపోకలు నిలిచిపోయాయి. కార్డులు నిలిచిపోయాయి. అమ్మ నోట అక్క అన్న మాటే వినపడడం మానేసింది. గూడూరు అన్న మాట వస్తే లేచి లోపలికి పోయేది.

అలా ఏళ్ళు గడిచాయి. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, గంగజాతర ఇంకొన్ని రోజులుందనగా, ఒక సాయంత్రం చిన్నాయన డ్యూటీ దిగి వచ్చాడు. టికెట్ల సంచి మేకుకు తగిలించి, కాళ్ళు కడుక్కొని, అమ్మ ముందర కూర్చున్నాడు. అమ్మ చేటలో రాగులు చెరుగుతోంది.

"వదినా, గూడూరాయన ఒకాయన బస్సెక్కినాడు. మీ అక్కకు ఒంట్లో బాగుండలేదంట. రొమ్ములో నొప్పంట. మనిషి సగమైపోయిందంట. జాతరకు పిలవకూడదా?"

చేట ఆగింది. అమ్మ ముఖం ఎలా మారిందో నేను చూశాను. పరుగెత్తుకొని పోవాలని ఉంది ఆ ముఖంలో. కాని ఆ నోటికి తిన్నగా పోయే దారి తెలియదు. తిన్నగా పోవాలంటే ముందు తల వంచాలి.

"పిలుస్తా, ఎందుకు పిలవను? మహారాణి గదా! కాళ్ళకు పసుపు పూసి, కోకా రైకా పళ్ళెంలో పెట్టి, మేళం వాయించుకోని పోయి పిలవాల. పో అప్పా, పోయి పిలుచుకోనిరా పో!"

చిన్నాయన చేయి చెవి దగ్గరికి పోయింది.

"నిజంగా అంటాండావా వదినా, ఊరికే అంటాండావా?"

ఊరికేలే అంటే అక్కడితో అయిపోయేది. కాని అప్పటికే అమ్మ కళ్ళలో నీళ్ళు. అవి కనపడకుండా విసురుగా చేట తిప్పుతూ, "నిజంగానే అంటాండాను పో! నీకు పుణ్యం ఉంటాది!" అంది. రాగులు నేలంతా చిందాయి.

"సరే" అన్నాడు చిన్నాయన. చెవి వదిలేశాడు.

తర్వాత జరిగింది పెద్దమ్మ చెప్పగా విన్నాం. మరునాడు ఆయన బస్సుకు సెలవు పెట్టాడు. బజారులో కోకా రైకా కొన్నాడు. పసుపూ కుంకుమా, ఆకువక్కలూ, అరటిపండ్లూ కొన్నాడు. రైలెక్కి గూడూరులో దిగి, మేళగాళ్ళు యాడుంటారని అడిగి కనుక్కొని, డోలూ సన్నాయీ వెంటబెట్టుకొని, పళ్ళెం రెండు చేతులా పట్టుకొని పెద్దమ్మ వాళ్ళ వీధిలోకి నడిచాడు. పెండ్లేమోనని వీధి వీధంతా బయటికొచ్చింది. మేళం వచ్చి పెద్దమ్మ గడప ముందర ఆగింది.

"ఏందబ్బా ఇది?" అంది పెద్దమ్మ.

"వదిన పిలుచుకోనిరమ్మనింది. మేళం వాయించుకోని పొమ్మనింది. కాళ్ళకు పసుపు పూయాలనింది గాని, అది నేను పూస్తే బాగుండదు గదా, నువ్వే పూసుకో."

పెద్దమ్మ మాత్రం తక్కువ తిన్నదా? "ఓహో! మీ వదినకు ఇన్నాళ్ళకు మతికొచ్చినానా? మేళం ఒకటేనా, ఏనుగును పంపలేదా?"

"ఏనుగు సంగతి సెప్పలేదు" అన్నాడు చిన్నాయన. "రైలుకు పోదాం. టైముకు వస్తాది."

పెద్దమ్మ ఆయన ముఖంలోకి చూసిందట. ఆ ముఖంలో ఏ సందూ లేదు. పైగా వీధంతా చూస్తోంది, చెల్లెలు తనకెంత మర్యాద చేసిందో అని. పెదనాయన లోపలినుంచి మేళం విని బయటికొచ్చి, పళ్ళెంలోని కోకను చూసి, "పోయిరా పో. ఇంత మర్యాదగా పిలిచినాక పోకపోతే బాగుండదు" అన్నాడట. నిమ్మకాయల మాట తగిలింది ఆయనకే, మందు పడింది కూడా ఆయనకే.

సాయంత్రం మా ఇంటి ముందు రిక్షా ఆగింది. అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. రిక్షా దిగిన మనిషి సగమై ఉంది. మెడ కింద ఎముకలు కనిపిస్తున్నాయి. కొత్త కోక కట్టుకొని వచ్చింది. అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నేను గడపలోనే నిలబడిపోయాను. నేను పంపలేదు, ఎగతాళికి అన్న మాట అది, అని అమ్మ ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి అటునుంచి అటే వెళ్ళిపోతుంది. ఇంక ఈ జన్మకు రాదు.

"పిలిపించినావంట" అంది పెద్దమ్మ. 

అమ్మ చిన్నాయన వైపు చూసింది. ఆయన రిక్షా వాడికి డబ్బులిచ్చి, ఎంతో తృప్తిగా, "నువ్వు సెప్పినట్టే సేసినా వదినా. డోలు కొంచెం సిన్నది దొరికింది" అన్నాడు.

 అమ్మ చెంబు అక్క ముందర పెట్టి, "కాళ్ళు కడుక్కో" అంది. అంతే. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూట సంగటీ ఊరిబిండీ చేసింది. చెనక్కాయలు నూరి చేసే ఆ పచ్చడంటే పెద్దమ్మకు ప్రాణం. వడ్డన చిన్నాయనకు అప్పగించి తాను పొయ్యి దగ్గరే కూర్చుంది. మా వైపు వడ్డించేవాడు బలవంతం చేయాలి, తినేవాళ్ళు చాలు చాలు అంటూ చేయి అడ్డం పెట్టాలి. చేయి పక్కనుంచి వడ్డించేవాడే వడ్డించేవాడు. చిన్నాయన చాలంటే చాలనే అనుకొనేవాడు. అందుకే పెళ్ళిళ్ళలో ఆయన చేతికి గరిటె ఇచ్చేవాళ్ళు కారు. ఆయన వరసలో కూర్చున్నవాళ్ళు ఆకలితో లేచేవాళ్ళు. ఆ పూట పెద్దమ్మ బెట్టుగా రెండు ముద్దలు తిని "సాలు" అంది. చిన్నాయన తపేలా తీసుకొని వెళ్ళిపోయాడు. పొయ్యి దగ్గర అమ్మ కదిలింది, లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. పెద్దమ్మ సగం కడుపుతోనే పడుకొంది.

పొద్దున్నే పెద్దమ్మ సంచి సర్దుకొంది. "సూసినాను గదా, పోయొస్తా" అంది గోడతో చెప్పినట్టు.

"యాడికి పోతావు?" అన్నాడు నాయన. "రాత్రే సాటింపు అయిపోయింది. జాతరయ్యేదాకా ఊళ్ళో ఉండేవాళ్ళు పొలిమేర దాటకూడదు."

గంగమ్మ చాటింపును కాదని ఎవరు కదులుతారు? పెద్దమ్మ సంచి కింద పెట్టింది. ఆ వారం రోజులూ అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఉన్నారు. మాట్లాడకుండా ఎలా ఉంటారు, ఆ నోళ్ళు ఊరుకొనేవా? చిన్నాయన ద్వారా మాట్లాడుకొన్నారు.

"మహారాణిగారికి పట్టుపరుపు కావాలేమో అడుగప్పా" అనేది అమ్మ.

చిన్నాయన పడసాలలోకి వచ్చి, "వదిన పరుపు కావాలేమో అడగమనింది" అనేవాడు.

"పరుపెందుకు, పల్లకీ ఒకటి తెప్పించమను. మేము సాప మీద పుట్టి సాప మీద పెరిగినోళ్ళం."

ఆయన వంటింట్లోకి పోయి, "పరుపు వద్దంట. సాపే సాలంట. సిన్నప్పుడు మీరు సాప మీదే పడుకొనేవాళ్ళంట గదా" అనేవాడు.

 ఆ రాత్రి పెద్దమ్మ చాప పక్కన అమ్మ చాప కూడా పడింది. అటు వేసిన ముల్లు ఇటు చేరేసరికి పువ్వు అయిపోయేది. ఒక మాట మాత్రం నేనే విన్నాను. "మందులు మింగతా ఉందా, లేక నా పీకల మీద పడి సావాలని వచ్చిందా?" అంది అమ్మ. చిన్నాయన పోయి చెప్పాడు. "నువ్వు సచ్చిపోతావేమోనని వదినకు భయంగా ఉండాది. మందులు మింగు."

పెద్దమ్మ అటు తిరిగి కొంగుతో ముఖం కప్పుకొంది. ఆ మాటలో ఆయన కలిపింది ఏమీ లేదు. అమ్మ అన్నదే చెప్పాడు, పైతొక్క తీసి.

జాతర వేషాలు మొదలయ్యాయి. ఒక రోజు ఒళ్ళంతా తెల్లటి నామంకొమ్ము పూసుకొని, ఇంకో రోజు బొగ్గు పూసుకొని, వేపమండలు పట్టుకొని జనం వీధుల్లో తిరుగుతారు. నోటికొచ్చిన బూతులు తిడతారు. తిట్టించుకొన్నవాళ్ళకు మంచిదని నమ్మకం. ఏటా ఈ రోజులు చిన్నాయనకు నరకం. అవి తిట్లు కావు దీవెనలని నాయన ఎన్నిసార్లు చెప్పినా, "దీవెన అయితే దీవెన మాదిరి ఉండాల గదా" అని లోపల తలుపేసుకొనేవాడు. ఆ ఏడు మాత్రం నీళ్ళు తెస్తూ వాకిట్లో దొరికిపోయాడు. బొగ్గు పూసుకొన్న ఒకడు ఎదురుగా నిలబడి, ఆయన పుట్టుక మొదలుకొని తిట్టాడు. చిన్నాయన బిందె పట్టుకొని అలాగే నిలబడ్డాడు. "నేనేం సేసినానప్పా నీకు?" అన్నాడు. ముఖం పాలిపోయింది. వాడికి హుషారెక్కి ఇంకా తిట్టాడు.

వంటింట్లోంచి అమ్మ, పడసాలలోంచి పెద్దమ్మ ఒక్కసారిగా వాకిట్లోకి వచ్చారు.

"ఓహో, ఎంత సక్కటి నోరప్పా నీది! మీ యమ్మ తేనె పోసి పెంచినట్టుండాది!" అంది పెద్దమ్మ.

"తేనె కాదులే అక్కా, బొగ్గు. పైన రాసుకోంగా మిగిలింది మింగేసినాడు!" అంది అమ్మ.

బొగ్గు వేషగాడు వేపమండ జారవిడిచి నవ్వుతూ పారిపోయాడు. అమ్మ నోట అక్క అన్న మాట వచ్చిందని నాకు, నాయనకు, పెద్దమ్మకు, అందరికీ తెలిసింది. ఒక్క అమ్మకే తెలియలేదు. తెలిశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. పెద్దమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ గడప మీద కూర్చొని, ఒకరి భుజం మీద ఒకరు పడి, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా ఊగిపోయారు. చిన్నాయన బిందె దించి, "వానికి నిజంగానే తేనె పోసినారా?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ రెండు ముద్దలు తిని "సాలు" అంది. చిన్నాయన తపేలా ఎత్తబోయాడు. అమ్మ వచ్చి ఆయన చేతిలోంచి గరిటె లాక్కొంది.

"సాలంటే సాలా? అది పుట్టినప్పట్నుంచీ ఎప్పుడన్నా నిజంగా సాలనిందా?" అంటూ అక్క చేతిని పక్కకు తోసి ముద్ద వేసింది. దాని మీద ఊరిబిండి వేసింది. పెద్దమ్మ వద్దు వద్దంటూనే తిన్నది.

చిన్నాయన చెవి పట్టుకొని చూస్తూ ఉండిపోయాడు. ఆ భాష ఆయనకు రాదు. ఆ భాషలో ఇద్దరినీ మళ్ళీ కలిపింది మాత్రం ఆయనే.

పెద్దమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. ఉన్నన్నాళ్ళూ అమ్మ గూడూరుకు పోతూ వస్తూ ఉంది. చివరి రోజుల్లో ఆమె దగ్గరే ఉంది. ఆ మేళమే వాయించకపోతే ఆ రోజులే లేవు. ఒకసారి చిన్నాయనను అడిగాను. "అమ్మ ఎగతాళికి అనిందని నీకు నిజంగా తెలీదా చిన్నాయనా?"

ఆయన ఆలోచించాడు. "ఎగతాళో కాదో నాకు తెల్దు పాపా. పిలుచుకోనిరా అనింది. అన్నేండ్లలో ఆ మాట అనడం అదే మొదలు. మళ్ళా అంటాదో అనదో."

నాకు పెళ్ళై చిత్తూరు వచ్చాను. అత్తగారింట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. నవ్వుతూనే గుచ్చుతారు. చిన్నాయన అప్పుడప్పుడు చూడవచ్చి, వాకిట్లో నిలబడే "బాగుండావా పాపా?" అని అడిగేవాడు. "బ్రహ్మాండంగా ఉండాను" అనేదాన్ని, మా అవ్వ గొంతుతో. ఆయన సంతోషంగా తిరుపతి పోయి, పాప బ్రహ్మాండంగా ఉందని అమ్మకు చెప్పేవాడు. ఆయనతో వచ్చిన కష్టం అది. బాధను తిప్పి చెబితే ఆయనకు అందదు. ఒక రోజు ఇంక ఓర్చుకోలేక, "బాగలేదు చిన్నాయనా" అన్నాను. ఆయన చెవి పట్టుకోలేదు. నిజంగానా అని అడగలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి నా పక్కన కూర్చొని, "సెప్పు" అన్నాడు. ఆ రోజు చెప్పినంత తిన్నగా నా జీవితంలో ఎవరికీ ఏదీ చెప్పలేదు. చెబుతుంటేనే నా కష్టమేమిటో నాకు తెలిసింది. ఇప్పుడు నన్ను బాగున్నావా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్రహ్మాండం అంటే అందులోని వెటకారం అందరికీ అర్థమవుతుంది, అందరూ నవ్వుతారు, మాట అక్కడితో అయిపోతుంది. పక్కన కూర్చొని సెప్పు అనే మనిషి కోసం ప్రాణం కొట్టుకొంటుంది.

ఆయన ఒక ఎండాకాలం పొద్దున పోయాడు. డ్యూటీకి పోవాలని సంచి భుజాన వేసుకొని, చెప్పులు వేసుకోబోతూ గుమ్మంలో కూర్చొని, అలాగే ఒరిగిపోయాడట. నేను చిత్తూరునుంచి వచ్చేసరికి పడసాలలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. బస్సు డ్రైవరు గోడకానుకొని చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు. సత్యవేడునుంచి ఎవరెవరో వచ్చారు, రోజూ ఆ బస్సులో పోయేవాళ్ళు. ఆడవాళ్ళు గుండెలు బాదుకొంటున్నారు. అమ్మ మాత్రం ఏడవలేదు. ఒక మూల కూర్చొని ఆయనవైపే చూస్తూ ఉంది.

ఎత్తే వేళకు లేచి వచ్చి ఆయన తల దగ్గర కూర్చుంది.

"బాగా సేసినావప్పా" అంది. "సానా బాగా సేసినావు. పెద్దదాన్ని నేనుండంగా నువ్వు ముందు బయల్దేరినావు. ఎంత మర్యాద తెలిసినోడివి! పో, హాయిగా పో. మాకేం, బ్రహ్మాండంగా ఉంటాం."

ఏడుస్తున్న ఆడవాళ్ళు ఆపి చూశారు. మాట అయిపోయినా అమ్మ ఆయన ముఖంలోంచి చూపు తిప్పలేదు. ఎదురుచూస్తోంది. ఆమె చూపు మెల్లగా ఆయన కుడిచేతి మీదికి పోయింది. ఆ చేయి అలాగే ఉంది.

అమ్మ వంగింది. ఆయన చెవి తమ్మెను తన రెండు వేళ్ళతో పట్టుకొంది.

"ఊరికే అన్నాలే అప్పా" అంది. "ఊరికే అన్నా."